దెబ్బకీ కేసుకీ నడుమ

(ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, హాస్టల్ వార్డెన్ల కోసం శ్రీకాకుళంలో జరిగిన సదస్సులో, చిన్నప్పటి హింసకీ తర్వాతి నేరాలకీ ఉన్న సంబంధం గురించి ఒక విశ్రాంత ప్రొబేషన్ అధికారిణి (కేసుల్లో పట్టుబడ్డ పిల్లల ఇంటి పరిస్థితుల్ని విచారించి నివేదిక రాసే ఉద్యోగి) చేసిన ప్రసంగం. రికార్డింగు విని, మాట్లాడిన తీరులోనే రాసింది. పిల్లల్ని ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల దాకా వినబడుతోందా? వినబడితే చేతులెత్తండి. సరే, దింపేయండి, ఇంకో ప్రశ్నకి మళ్లీ ఎత్తాలి. చిన్నప్పుడు ఇంట్లోగానీ బళ్లోగానీ దెబ్బలు తిన్నవాళ్లెవరు? ఈతబెత్తం, గోడకుర్చీ, తొడపాశం, చెవి మెలిపెట్టడం, అన్నీ లెక్కలోకే వస్తాయి. (నవ్వులు) హెడ్మాస్టర్లు రెండు చేతులూ ఎత్తుతున్నారు, బాగుంది. ఇప్పుడు చెప్పండి, మీలో ఎవరి మీదైనా దొంగతనం కేసో కొట్లాట కేసో ఉందా? (నవ్వులు) లేదు కదా.

నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఈ మాట వింటూనే ఉన్నాను. "మేం తిన్లేదా మేడమ్ దెబ్బలు? మాకేటైంది?" అదే నోటితో, ఇంకో పిల్లాడి ఫైలు ముందుకొస్తే, "తాగుబోతు తండ్రి దగ్గర తన్నులు తిని పెరిగాడు, ఇంకెలా తయారవుతాడు లెండి" అంటారు. మొదటి మాట ప్రకారం దెబ్బకి ఏమీ కాదు. రెండో మాట ప్రకారం దెబ్బ తిన్నవాడి బతుకు అప్పుడే అయిపోయింది. రెండూ ఒకే మనిషి, ఒకే పూట, టీ తాగుతూ అనగలడు. ఈ రెండిటి నడుమ నిజంగా ఏముందో మాట్లాడుకుందామనే వచ్చాను.

ముందు ఒక చిక్కు విప్పాలి. కేసుల్లో పట్టుబడ్డ పిల్లల్ని ఉంచే అబ్జర్వేషన్ హోమ్‌కి వెళ్లి అక్కడి పిల్లల్ని ఇందాకటి ప్రశ్నే అడిగారనుకోండి, దాదాపు అందరూ చెయ్యెత్తుతారు. మర్నాడు పేపర్లో "నేరం చేసిన బాలల్లో అత్యధికులు హింసకు గురైనవారే" అని వచ్చేస్తుంది. కానీ ఈ హాల్లోనూ అందరూ ఎత్తారు కదండీ! 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ వేసిన నివేదిక ఒకటుంది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగి తయారుచేసింది. అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం కూడా అందులో ఉంది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు శారీరక హింసకి గురయ్యామన్నారు. ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్లలో 88.6 శాతం మందిని కొట్టింది కన్నవాళ్లే. ఇంతమంది తింటున్నప్పుడు, కేసులో ఇరుక్కున్నవాణ్ణి కూర్చోబెట్టి వెనక్కి అడిగితే తేలేదేమీ ఉండదు. దెబ్బ తిన్న పిల్లల్నీ తినని పిల్లల్నీ చిన్నప్పుడే గుర్తుపెట్టుకుని, ఎవరెటు వెళ్లారో ఏళ్ల తరబడి చూడాలి.

అమెరికాలో క్యాథీ విడమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆ పని చేశారు. 1967 నుంచి 1971 దాకా కోర్టులో రుజువైన కేసులు తీశారు. పదకొండేళ్లు దాటని పిల్లలు, మొత్తం 908 మంది. ఒళ్లు చిట్లేలా కొట్టినవి, లైంగికంగా వాడుకున్నవి, తిండీ బట్టా వైద్యం చూడకుండా గాలికొదిలేసినవి, అన్ని రకాల కేసులూ ఉన్నాయి. వీళ్లకి జోడీగా అదే వయసు, ఆడైతే ఆడ, మగైతే మగ, ఇంచుమించు అదే ఆర్థిక స్థితి ఉన్న 667 మంది మామూలు పిల్లల్ని ఎంచుకున్నారు. కష్టమంతా ఈ జోడీ కుదర్చడంలోనే ఉంది, విలువా అందులోనే ఉంది. లేకపోతే పేదరికం చేసిన పనిని కూడా దెబ్బ మీదకి తోసేస్తాం. 1989లో సైన్స్ పత్రికలో ఫలితం వేశారు. మైనారిటీ తీరకముందే అరెస్టైనవాళ్లు, హింసకి గురైన పిల్లల్లో నూటికి 26 మంది. జోడీ పిల్లల్లో 17 మంది.

ఈ రెండంకెలూ రాసుకోండి, 26, 17. తేడా ఉంది. ఒకటిన్నర రెట్లు. "మాకేటైంది" అనేవాళ్లకి ఇది జవాబు. రెండో రకం వాళ్లకి జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. 26 పోగా మిగిలిన 74 మంది సంగతేమిటి? కోర్టులో రుజువయ్యేంత దారుణం చూసిన పిల్లలు వాళ్లు. అయినా మైనారిటీ తీరేలోపు అరెస్టు కాలేదు. అవతల, ఏ హింసా రికార్డుకెక్కని పిల్లల్లోనూ 17 మంది అయ్యారు. కాబట్టి ఒంటి మీద వాత చూసి "వీడు రేపు దొంగవుతాడు" అనడానికి లేదు. దొంగతనం చేసినవాణ్ణి చూసి "వీణ్ణి ఇంట్లో చితక్కొట్టుంటారు" అనడానికీ లేదు. పత్రికలకి ఈ మాట చెబితే రుచించదు. "అయితే ఏమంటారు మేడమ్, అవునా కాదా?" అంటారు. అవును, కొంత. అంతే ఉంది సత్యం.

(సభలోంచి: అరెస్టు కానివాళ్లు బాగున్నట్టేనా మేడమ్?)

లేదమ్మా. అరెస్టు కాకపోవడం వేరు, బాగుండడం వేరు. నిద్రపట్టదు, చదువు ఆగిపోతుంది, తాగుడు మొదలవుతుంది, చేతులు కోసుకుంటారు. ఇవేవీ పోలీసు రికార్డుకెక్కవు. ఇవాళ నాకిచ్చిన విషయం నేరం కాబట్టి దాని మీదే ఉంటున్నాను. నన్నడిగితే, రేపు దొంగవుతాడన్న భయంతో పిల్లాణ్ణి కొట్టడం మానక్కర్లేదు. ఇవాళ వాడికి నొప్పెడుతుంది, అది చాలు మానడానికి.

విడమ్ లెక్కల్లో మనవాళ్లు పెద్దగా పట్టించుకోని విషయం ఇంకోటుంది. కొట్లాటలు, దాడులు లాంటి హింసాత్మక నేరాల్లో అరెస్టైనవాళ్లు, దెబ్బలు తిన్నవాళ్లలో సుమారు 16 శాతం ఉన్నారు. జోడీ పిల్లల్లో 8 శాతం. మరి దెబ్బలు తినకుండా, చూసే దిక్కులేక పెరిగినవాళ్లలో? 12.5 శాతం. ఎవరూ చెయ్యి చేసుకోని పిల్లాడు కూడా జోడీ పిల్లలతో సమానంగా లేడు, వాళ్లకీ దెబ్బలు తిన్నవాళ్లకీ ఇంచుమించు మధ్యలో ఉన్నాడు.

ఈ మాట మన జిల్లాలో చెప్పేటప్పుడు జాగ్రత్తగా చెప్పాలి. చేపలవేట సీజను మొదలవగానే మన తీరం ఊళ్ల నుంచి మగాళ్లు గుజరాత్‌లో వేరావల్ బోట్లెక్కడానికి పోతారు. లోపలి ఊళ్ల నుంచి ఆలుమగలిద్దరూ హైదరాబాదో చెన్నైయో విజయవాడో, భవనాల పనికి పోతారు. పిల్లలు తాత దగ్గరో నాయనమ్మ దగ్గరో ఉంటారు. సంక్రాంతికో అమ్మవారి పండక్కో అమ్మానాన్నలొస్తారు. దీన్ని గాలికొదిలెయ్యడం అంటే నేనొప్పుకోను. వలస పోయేదే పిల్లల కోసం. రాత్రి ఎనిమిదింటికి వీడియో కాల్ చేసి "అన్నం తిన్నావా నానా, ఏం కూర?" అని అడిగే తల్లి వెయ్యి కిలోమీటర్ల అవతలున్నా పిల్లాణ్ణి చూసుకుంటున్నట్టే. పేదరికాన్నీ నిర్లక్ష్యాన్నీ ఒకే గడిలో రాసేసే రిపోర్టులు చాలా చూశాను. రాసేవాడికి పని తొందరగా అయిపోతుంది. నేనడిగేది ఒకటే. తొమ్మిదైనా పిల్లాడు ఇంటికి రాకపోతే "ఏడీ వీడు?" అని బయటికొచ్చి చూసే మనిషి ఆ వీధిలో ఒకరున్నారా? లేకపోతే, కన్నవాళ్లిద్దరూ ఇంట్లో టీవీ చూస్తున్నా సరే, ఆ పిల్లాడికి దిక్కులేనట్టే.

ఒకసారి ఒక లాయరుగారు నన్ను గట్టిగా నిలదీశారు. "పిల్లాడు పుట్టుకతోనే మొండివాడనుకోండి. ఆ మొండితనం వల్లే చిన్నప్పుడు దెబ్బలు తిన్నాడు, దానివల్లే పెద్దయ్యాక నేరం చేశాడు. మధ్యలో దెబ్బ తప్పేముంది?" అన్నారు. కొట్టిపారేసే వాదన కాదు. దీన్నే ఇంగ్లండ్, వేల్స్‌లో 1,116 జతల కవల పిల్లల మీద చూశారు. అచ్చుగుద్దినట్టుండే కవలలకి జన్యువులన్నీ ఒకటే, మామూలు కవలలకి అలా కాదు కదా, ఆ తేడా పట్టుకుని లెక్క తీశారు. 2004లో ప్రచురించారు. ఓ రెండు తగిలించడం దాకా పిల్లాడి స్వభావం పాత్ర కొంత ఉందని తేలింది. కానీ గాయాలయ్యేలా కొట్టడంలో మాత్రం పిల్లాడి స్వభావానికి పాత్ర కనబడలేదు. ఆ కారణం ఇంట్లో ఉంది, పెద్దవాళ్లలో ఉంది. అలాంటి ఇంట్లో బుద్ధిమంతుడు పుట్టినా తింటాడు.

ఇంతకీ ఆ దెబ్బ లోపలికెళ్లి ఏం చేస్తుంది? మెదడు గురించీ హార్మోన్ల గురించీ ఈమధ్య అందరూ చెబుతున్నారు, దాన్ని వదిలేస్తాను. మీ తరగతి గదిలో మీ కంటికి కనబడేది చెబుతాను. 1990లో కెనెత్ డాడ్జ్ అనే ఆయన, ఇంకా బళ్లో చేరని 309 మంది పిల్లల మీద చేసిన పని అది. పిల్లలకి చిన్న చిన్న సంఘటనలు చూపించి అడుగుతారు. ఫలానా పిల్లాడి వల్ల నీ ఆట చెడిపోయింది, కావాలని చేశాడా, పొరపాటునా? నువ్వేం చేస్తావు? ఇంట్లో బాగా దెబ్బలు తిన్న పిల్లలు "కావాలనే చేశాడు" అనే వైపు ఎక్కువ మొగ్గారు. తిరిగి కొడతాననడం కూడా వాళ్లకి త్వరగా తోచింది. తర్వాత బళ్లో చేరాక చూస్తే, తోటిపిల్లల మీద చెయ్యి చేసుకున్నదీ వాళ్లే ఎక్కువ.

దీని అర్థం నాకు కాగితం మీద కాదు, పిల్లల కేసులు విచారించే బాలల న్యాయ బోర్డు గదిలో తెలిసింది. వాన జల్లు లోపలికి కొడుతోందని కిటికీ రెక్క వెయ్యడానికి లేచాను. నాకెదురుగా ఒక కుర్రాడు కూర్చున్నాడు, అప్పుడే నూనూగు మీసం వస్తోంది. నా చెయ్యి పైకి లేవగానే మోచెయ్యి అడ్డం పెట్టుకుని తల దించేశాడు. కిటికీ వేసి వచ్చి కూర్చున్నాను. వాడు మోచెయ్యి దింపి, కాలరు సర్దుకుంటున్నట్టు నటించాడు. మిగతావాళ్లు కాగితాలు చూసుకుంటున్నారు. వాడి మీద కేసేమిటో తెలుసా? బజార్లో ఎవడో భుజం తగిలించుకుంటూ పోయాడని సోడాసీసాతో కొట్టాడు. ఎదుటివాడు చెయ్యి కదిపితే దెబ్బే పడుతుందని ఆ పిల్లాడి ఒళ్లు నేర్చుకుంది. ఇంట్లో ఆ పాఠం తప్పు కాదు, అక్కడ నిజంగానే పడుతుంది. వాణ్ణి ఇంట్లో కాపాడిన లెక్కే బజార్లో కేసైంది. వాడికి "కోపం తగ్గించుకో బాబూ" అని నీతులు చెబితే ఏం లాభం? వాడిది కోపం కాదు, భయం.

ఇక వయసు సంగతి. ఈ హాల్లో హైస్కూలు మాస్టార్లు ఎక్కువమంది ఉన్నారు కాబట్టి దీనిమీద కాస్త ఆగుతాను. న్యూయార్క్ రాష్ట్రంలో రోచెస్టర్ అనే ఊళ్లో 1988లో ఏడు, ఎనిమిది తరగతులు చదివే 1,000 మంది పిల్లలతో ఒక అధ్యయనం మొదలైంది. టెరెన్స్ థార్న్‌బెరీ, ఆయన జట్టు చేశారు. హింస ఏ వయసులో జరిగిందన్నది విడదీసి చూశారు. పన్నెండేళ్ల లోపే జరిగి ఆగిపోయిన పిల్లలు, నేరాల విషయంలో మిగతా పిల్లలకి పెద్ద తేడాగా లేరు. ఈడొచ్చే వయసులో మొదలైనవాళ్లూ, చిన్నప్పుడు మొదలై ఆ వయసులోనూ ఆగనివాళ్లూ, వీళ్లలోనే నేరాలు ఎక్కువ కనబడ్డాయి.

మరి మనిళ్లలో ఏం చేస్తాం? మొక్కై వంగనిది మానై వంగునా అని చిన్నప్పుడు ఓ రెండు వేస్తాం. తొమ్మిదో తరగతికొచ్చి, మీసం వచ్చి, ఫోను చూస్తూ ఎదురుమాట చెబితే, "చెయ్యి దాటిపోతన్నాడు" అని అప్పుడు బెల్టు తీస్తాం. నిజంగా ప్రమాదమున్న వయసు అదే. అయిదేళ్లవాడు దెబ్బ తిని ఏడిచి మళ్లీ అమ్మ కొంగే పట్టుకుంటాడు, వాడికి ఇంకో చోటు లేదు. పద్నాలుగేళ్లవాడికి ఉంది. గుమ్మం దాటితే ఆర్టీసీ బస్సుల కాంప్లెక్సు ఉంది, రైల్వే స్టేషను ఉంది, "రారా తమ్ముడూ, టీ తాగుదాం" అనే అన్నలున్నారు.

రోచెస్టర్ ఫలితంలో నాకు ఊరటనిచ్చింది ఇంకో వైపు. ఆగితే తేడా వస్తోంది. ఆరో తరగతిలో మీ కంటపడ్డ పిల్లాడికి ఆ దెబ్బలు ఏడో తరగతికి ఆగిపోయాయంటే, ఆ పని చిన్నది కాదు.

ఒక పిల్లాడి సంగతి చెబుతాను. సముద్రం ఒడ్డు ఊరు. తండ్రి వేరావల్‌లో, తల్లి చనిపోయింది. పిన్నీ బాబాయిల దగ్గర ఇద్దరన్నదమ్ములు. బాబాయి తాగుతాడు, తాగితే వల తాడుతో కొడతాడు. పెద్దవాడు తొమ్మిదో తరగతిలో బడి మానేసి కాంప్లెక్సు దగ్గర టిఫిన్ బండిలో ప్లేట్లు కడగడానికి కుదిరాడు. అక్కడ పెద్దకుర్రాళ్లు పరిచయమయ్యారు. మోటారు సైకిలు తాళం ఎలా తియ్యాలో వాళ్లే నేర్పారు. పట్టుబడిన రోజున పెద్దకుర్రాళ్లు లేరు, వీడొక్కడే ఉన్నాడు.

ఇలాంటి పిల్లాడు బోర్డు ముందుకొస్తే ప్రొబేషన్ అధికారి సామాజిక దర్యాప్తు నివేదిక రాయాలి. పదిహేను రోజుల్లో ఇవ్వాలి. బాలల న్యాయ చట్టం కింద వచ్చిన 2016 నమూనా నియమాల్లో అది 6వ నంబరు ఫారం. అందులో, పిల్లాడు ఎలాంటి హింసకైనా గురయ్యాడా అని ఒక పట్టిక ఉంటుంది. మాటలతో, శారీరకంగా, లైంగికంగా, ఇతరత్రా. ఎవరి వల్ల, అమ్మానాన్నలా, తోబుట్టువులా, పనిలో పెట్టుకున్నవాళ్లా, వేరేవాళ్లా. ఆ ఫారం తయారుచేసినవాళ్లెవరో గానీ బుర్ర పెట్టి చేశారు. కానీ నేను తిరగేసిన ఫైళ్లలో ఆ పట్టిక ఎలా ఉండేదో చెప్పనా? పైనుంచి కిందకి "లేదు, లేదు, లేదు", ఒకే పెన్నుతో, ఒకే ఊపులో. కొన్నిట్లో మొదటి గడిలో "లేదు" రాసి, కిందకి ఒక నిలువు గీత గీసేసేవారు.

ఈ పిల్లాణ్ణి ముందు పోలీసు స్టేషన్లో అడిగారట, "ఇంట్లో ఎవరైనా కొడతారా?" అని. పక్కనే బాబాయి కూర్చున్నాడు. ఏమంటాడు? లేదన్నాడు. నేను ఆ ప్రశ్న అడగలేదు. వాళ్ల బడి గురించి, వేట గురించి, ఏ చేప కూర ఇష్టమన్న దాని గురించి కాసేపు మాట్లాడి, "రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటావురా?" అన్నాను.

"బోటులోనండి."

"వేటకెళ్తావా?"

"లేదండి. ఒడ్డున పెట్టిన బోటులో. వలల మీద."

"వానొస్తే?"

"బోటు కింద."

"ఇల్లుంది కదరా."

మాట్లాడలేదు. కాసేపాగి, "బాబాయి పడుకున్నాక ఎల్తానండి ఇంటికి. తమ్ముడు గెడ తీస్తాడు" అన్నాడు. ఆ పట్టికలో ఏం రాయాలో నాకప్పుడు తెలిసింది. చొక్కా విప్పించి చూడాల్సిన అవసరం కూడా రాలేదు.

ఊరెళ్లి వాళ్ల నాయనమ్మని కలిశాను. "ఏటి సేత్తామమ్మా, ఆడి బాబాయి కొట్టినాడు గానీ తిండెట్నేదా?" అంది. ఆవిణ్ణి తప్పుపట్టలేం, ఆవిడ లెక్కలో కొట్టడం, పోషించడం రెండూ ఒకే చేతి పనులు. బళ్లో కూడా వాకబు చేశాను. ఎనిమిదో తరగతిలో ఉండగా వీపు మీద మచ్చలు చూసి ఒక టీచరు అడిగారట. "పడిపోయానండి" అన్నాడట. ఆ తర్వాత రోజూ ఆలస్యంగా వస్తున్నాడని బయట నిలబెట్టారు. రాత్రంతా బోటులో పడుకున్నవాడు పొద్దున్న ప్రేయర్‌కి ఎలా వస్తాడండీ?

ఇప్పుడు చిన్నవాడి సంగతి. అదే ఇల్లు, అదే తాడు. అన్న పట్టుబడ్డాక వాణ్ణి ఆమదాలవలసలో ఉన్న మేనత్త తీసుకుపోయింది. ఐటీఐ చేసి ఉద్యోగంలో చేరాడు. మేనత్త వల్లే బాగుపడ్డాడని ముడిపెట్టెయ్యను. చిన్నవాడు కాబట్టి అన్న అడ్డంపడి కొన్ని దెబ్బలు తప్పించాడు, అదీ ఉంది. కానీ మేనత్త ముందే వచ్చుంటే పెద్దవాడికీ ఒక గది దొరికేది కదా అని మాత్రం నాకనిపిస్తుంది.

హవాయి దీవుల్లో కవాయి అనే చిన్న దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే ఆవిడ పెద్దయ్యేదాకా వెంటాడి చూశారు. కష్టాలన్నీ ఒకేసారి మీదపడ్డ పిల్లల్లో మూడోవంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్లలో కనబడ్డ వాటిల్లో ముఖ్యమైంది, తల్లిదండ్రులు కాకపోయినా తనని అక్కున చేర్చుకున్న పెద్దమనిషి ఒకరుండడం. తాతమ్మో, మేనత్తో, పంతులమ్మో. మనవైపు వరసలకేం కొదవ లేదు కదా, పక్కింటావిడ కూడా పిన్నే. ఆ పిన్ని గోడ అవతలి నుంచి కేకలు విని టీవీ సౌండు పెంచకుండా ఉంటే చాలు.

గంజాయి సంగతి ముట్టుకోకుండా పోతే మీరు ఊరుకోరు. ఏజెన్సీ నుంచి సరుకు మన జిల్లాల మీదుగానే పోతుంది, ఇచ్ఛాపురం దాటి అటు పోయేది కూడా ఉంది. బ్యాగు మోయడానికి కుర్రాళ్లని వెతికేవాళ్లు ఎవర్ని ఎంచుకుంటారనుకుంటున్నారు? రాత్రి ఇంటికి పోకపోయినా ఎవరూ వెతకనివాణ్ణి. మనకంటే వాళ్లే పిల్లల్ని బాగా గమనిస్తున్నారు, సిగ్గుపడాల్సిన మాట ఇది. మత్తు పదార్థాలు మోయడానికి పిల్లల్ని వాడుకున్నవాడికి బాలల న్యాయ చట్టం 78వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా కఠిన శిక్ష పడొచ్చు. పిల్లాడు బ్యాగుతో దొరికితే ఆ సెక్షన్ గుర్తుచెయ్యండి. లేకపోతే బ్యాగు మోసినవాడు దొంగ, మోయించినవాడు పెద్దమనిషి.

మగపిల్లల మీద లైంగిక హింస గురించి కూడా. పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సో ఉంది కదా, చాలామంది టీచర్లు అది ఆడపిల్లల చట్టమే అనుకుంటారు. కాదు, పద్దెనిమిది లోపు ఎవరైనా. ఇందాక చెప్పిన 2007 నివేదికలో లైంగిక హింస జరిగిందని చెప్పిన పిల్లల్లో మగపిల్లలే సగానికి పైన, 52.94 శాతం. హాస్టల్ వార్డెన్లు ఇది ప్రత్యేకంగా వినాలి. "మగాడికేటవుద్దిలే" అనే మాట వల్ల ఎంతమంది నోరు మూసుకున్నారో! నోరు మూసుకున్నవాడు కొన్నాళ్లకి తనకంటే చిన్నవాడి మీద పడితే, అప్పుడు మాత్రం వాడు "రాక్షసుడు". అలా అయ్యేవాళ్లు కొద్దిమందే, జరిగినవాళ్లందరూ అలా అవుతారని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ పుకారు భయంతోనే చాలామంది పిల్లలు పెద్దయ్యాక కూడా చెప్పుకోరు.

అయితే ఏం చెయ్యాలి? లైంగిక హింస అని తెలిసినా, అనుమానం వచ్చినా, చెప్పి తీరాలి. పోక్సో 19వ సెక్షన్. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలుండొచ్చు, సంస్థ పెద్ద తన కింది ఉద్యోగి తప్పు దాచితే ఏడాది దాకా. "బడి పరువు పోద్ది" అని సర్దుబాటు చేసే హెడ్మాస్టరు తన మెడకే చుట్టుకుంటున్నాడు. బళ్లో కొట్టడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది, 2009 చట్టం, కొత్తదేం కాదు. ఇంట్లోగానీ ఇంకెక్కడగానీ పిల్లాడి బాధ్యత ఉన్నవాడు హింసిస్తే బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ ఉంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యొచ్చు. బాలల సంక్షేమ కమిటీకి చెప్పొచ్చు. మీ సచివాలయంలో మహిళా పోలీసుకి చెప్పొచ్చు.

అడిగేటప్పుడు మాత్రం తొందరపడకండి. తరగతిలో అందరి ముందూ అడగొద్దు. ఇంట్లోవాళ్ల ముందు అసలే వద్దు. "కొట్టారా?" అంటే "లేదు" అంటాడు. రాత్రి ఎక్కడ పడుకున్నావు, పొద్దున్న ఏం తిన్నావు, ఇంటికెళ్లాక ఎవరుంటారు, సెలవులంటే ఇష్టమేనా, ఇవి అడగండి. దసరా సెలవులిస్తామంటే మొహం మాడ్చుకునే పిల్లాణ్ణి చూశారా ఎప్పుడైనా? వాడి గురించి ఆలోచించండి. చెప్పడం మొదలుపెడితే మధ్యలో ఆపకండి, "నిజమేనా?" అనకండి, "ఎవరికీ చెప్పన్లే" అని ఒట్టు పెట్టకండి. చెప్పాల్సి వస్తుంది కాబట్టి. రుజువులు సంపాదించడం మీ పని కాదు.

(సభలోంచి ఒక అంగన్‌వాడీ కార్యకర్త: మేం చెప్పామని తెలిస్తే ఊళ్లో మా మీద పడతారు మేడమ్. రేపు మళ్లీ ఆ ఇంటికే గుడ్లు, పాలు ఇవ్వడానికి వెళ్లాలి కదా.)

నీ భయం నిజమే తల్లీ. కుర్చీలో కూర్చుని చెప్పినంత సులువు కాదు. సదుద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు పెట్టడానికి లేదని పోక్సోలోనే ఉంది. 1098కి ఫోన్ చేసేటప్పుడు నీ పేరు బయటపెట్టొద్దని చెప్పు. ఒక్కదానివే మొయ్యకు, నీ సూపర్‌వైజరు చేత రాయించు. కాగితం ఆఫీసు నుంచి పోతే నీ పేరు పలకదు.

(ఇంకొకరు: కేసు పెడితే ఆ సంసారం వీధినపడదా అండీ? తండ్రి జైలుకెళ్తే పిల్లల్ని ఎవరు చూస్తారు?)

చెప్పిన ప్రతిసారీ జైలు అవుతుందనుకోకండి. బాలల సంక్షేమ కమిటీలో అధ్యక్షులు కాక నలుగురు సభ్యులుంటారు. ఇంటికి మనిషిని పంపి విచారణ చేయిస్తారు. పిల్లాణ్ణి వీలైనంతవరకు కుటుంబంలోనే ఉంచాలన్నది చట్టంలో రాసుకున్న సూత్రం, హోమ్ అన్నది ఆఖరి దారి. తండ్రిని పిలిచి కౌన్సెలింగ్ ఇప్పిస్తారు, తాగుడు మానడానికి పంపిస్తారు, లేదా పిల్లాణ్ణి కొన్నాళ్లు మేనత్త ఇంటికి అప్పగిస్తారు. లైంగిక హింస అయితే అది వేరు, అక్కడ సర్దుబాట్లుండవు. అన్ని కమిటీలూ గొప్పగా పనిచేస్తాయని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. వాయిదాలుంటాయి, ఖాళీలుంటాయి, ఫోనెత్తని రోజులుంటాయి. అప్పుడు మళ్లీ చెయ్యాలి. మళ్లీ చేసేవాళ్లుంటేనే ఆ ఫైలు కదులుతుంది.

భోజనాలు సిద్ధమయ్యాయంటున్నారు. 6వ నంబరు ఫారం నకళ్లు ఆ తలుపు పక్క బల్ల మీద పెట్టించాను, తలో ఒకటి తీసుకోండి. మధ్యాహ్నం ఇద్దరిద్దరుగా కూర్చుని, ఒకరు పిల్లాడిగా, ఒకరు అధికారిగా, ఆ హింస పట్టిక నింపుదాం. షరతు ఒకటే, "నిన్ను కొట్టారా?" అని అడగకూడదు. రెండున్నరకి మొదలుపెడదాం.